చెస్కీ క్రుమ్లోవ్: వెళ్లిపోయినవాళ్లు మిగిల్చిన ఊరు

చెక్ రిపబ్లిక్‌కి దక్షిణపు కొసన, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గర్లో, వల్తావా నది పాములా మెలికలు తిరిగేచోట ఉంది చెస్కీ క్రుమ్లోవ్. నది దాదాపు ఉంగరంలా చుట్టి వస్తుంది. ఉంగరం లోపల ఊరు, అవతలి ఒడ్డున రాతిగుట్ట మీద కోట. ఎర్ర పెంకుల ఇళ్లు, రాళ్లు పరిచిన సన్న వీధులు, పైన రంగులు పూసిన గుండ్రటి బురుజు. జనాభా 13 వేలకు అటూ ఇటూ. అంత చిన్న ఊరి నెత్తిన ఉన్న కోటలో మాత్రం నలభై దాకా భవనాలు, ఐదు ప్రాంగణాలు ఉన్నాయి.

ఈ ఊరి ఫొటో చూసిన ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. ఆ దేశం మీదుగా ముప్పై ఏళ్ల మత యుద్ధం నడిచింది, రెండు ప్రపంచ యుద్ధాలు నడిచాయి. నాజీలు వచ్చారు, ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా కమ్యూనిస్టు పాలన సాగింది. ఇన్ని జరిగినా ఈ ఊరు 16వ శతాబ్దపు మొహంతోనే ఎలా మిగిలింది? బాగా కాపాడుకున్నారు అన్న జవాబు సగమే నిజం. ఈ ఊరి చరిత్ర చదివేకొద్దీ నాకు ఇంకో సంగతి కనిపించింది. ఇక్కడ తరానికో రెండు తరాలకో ఎవరో ఒకరు ఊరు వదిలి వెళ్లిపోతూనే ఉన్నారు. కొందరు అప్పులపాలై అమ్ముకుని పోయారు, కొందరు మోజు తీరి పోయారు, కొందరిని రైలెక్కించి పంపేశారు. వాళ్లు వెళ్లినప్పుడల్లా ఊరు ఉన్నదున్నట్టు ఆగిపోయింది. ఆ వరస తెలిస్తే ఈ ఊరు అర్థమవుతుంది.

ముందు పేరు సంగతి. క్రుమ్లోవ్ అన్నది పాత జర్మన్ మాట నుంచి వచ్చింది. నది ఒడ్డున వంకర తిరిగిన పచ్చిక నేల అని అర్థం. జర్మన్ మాట్లాడేవాళ్లు దీన్నే క్రుమావు అనేవాళ్లు. పక్కనున్న మొరావియా ప్రాంతంలో మరో క్రుమ్లోవ్ ఉండటంతో ముందు చెస్కీ అన్న మాట చేరింది, అంటే బొహేమియాలోని (ఇప్పటి చెక్ దేశపు పశ్చిమ భాగంలోని) క్రుమ్లోవ్ అన్నమాట. మూలం జర్మన్, ముందున్న విశేషణం చెక్. ఈ రెండు భాషల మనుషులు ఆరేడు శతాబ్దాలు ఇక్కడ కలిసే బతికారు. ఆ బతుకు ఎలా ముగిసిందో తర్వాత చెబుతాను.

కోట ప్రస్తావన మొదటిసారి రాతలో కనిపించేది 1253లో. కట్టించింది వీత్కోవ్ వంశపు ప్రభువులు. కోట వాకిట్లోనే కొలువులో పనిచేసేవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. ఆ పేటను లాత్రాన్ అంటారు. నది అవతల, మెలిక లోపల, మధ్యలో చతురస్రపు మైదానం పెట్టి పద్ధతిగా వేసిన ఊరు వేరు. కోట, పేట అని మనం విడివిడిగా అన్నట్టే అక్కడా రెండూ వేర్వేరు ఊళ్లు. 1555లో విలేమ్ అనే ప్రభువు వాటిని కలిపి ఒకే పట్టణం చేశాడు. ఇప్పుడు రెంటి మధ్యా ఉన్నది చిన్న వంతెనే.

వీత్కోవ్ వంశంలో ఈ శాఖ 1302లో వారసులు లేక అంతరించింది. కోట దాయాదులైన రోజంబెర్క్ కుటుంబానికి దక్కింది. వాళ్ల గుర్తు అయిదు రేకుల ఎర్ర గులాబీ. ఇప్పటికీ ఊరి చిహ్నంలో ఆ పువ్వు ఉంది. మూడు వందల ఏళ్లు వాళ్లే ప్రభువులు. బొహేమియాలో రాజు తర్వాత రాజంతటి వాళ్లు అని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే 15వ శతాబ్దపు ఓల్డ్రిఖ్ దగ్గర కాసేపు ఆగాలి.

ఆ రోజుల్లో బొహేమియా మత యుద్ధాలతో అట్టుడుకుతోంది. ఓల్డ్రిఖ్ కాథలిక్కుల పక్షాన నిలిచి, ఆ గందరగోళంలో ఆస్తులు పెంచుకున్నాడు. పెంచుకోవడానికి ఎంచుకున్న దారుల్లో ఒకటి దొంగ పత్రాలు. పాత రాజులు తమ కుటుంబానికి భూములు, హక్కులు రాసిచ్చినట్టు దానపత్రాలు పుట్టించాడు. వాటిలో చాలా నకిలీవని చరిత్రకారులు తేల్చారు. ఆస్తితో పాటు వంశవృక్షం కూడా ఆయన చేతుల్లోనే పెరిగింది. ఇటలీలో ఓర్సీనీ అనే పెద్ద కుటుంబం ఉంది, పోపులను ఇచ్చిన ఇల్లు. మేమూ వాళ్ల రక్తమే అని రోజంబెర్కులు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఇటాలియన్ భాషలో ఓర్సా అంటే ఆడ ఎలుగుబంటి. అందుకని 16వ శతాబ్దం నుంచి కోటలో, తర్వాత దాని కందకంలో ఎలుగుబంట్లను పెంచారు. మధ్యలో తెరిపులున్నా ఆ అలవాటు నేటిదాకా వచ్చింది. పర్యాటకులు కందకం గోడ మీద నుంచి వంగి చూసేది ఒక కల్పిత చుట్టరికానికి మిగిలిన సాక్ష్యాన్ని.

ఈ ఓల్డ్రిఖ్‌కి పెర్ఖ్‌తా అని కూతురు. 1449లో ఆమెను యాన్ లిచ్టెన్‌స్టైన్ అనే ప్రభువుకిచ్చి పెళ్లి చేశాడు. ఒప్పుకున్న కట్నం సమయానికి ఇవ్వలేదు. అత్తవారింట్లో ఆమె పడ్డ కష్టాలు మనకు తెలిసిన కథే. భర్త నిరాదరణ, అత్తగారి పెత్తనం, ఇంటి ఖర్చులకు కూడా చేతిలో డబ్బు లేకపోవడం. తనను ఇక్కడి నుంచి తీసుకుపొమ్మని, కనీసం ఇస్తామన్నది ఇమ్మని తండ్రికీ అన్నదమ్ములకూ చెక్ భాషలో ఉత్తరాలు రాసింది. అవి ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. జనం మాత్రం ఆమెను దెయ్యం కథ చేశారు. తెల్ల బట్టల్లో కోటలో తిరుగుతుందని, చేతికి తెల్ల తొడుగులుంటే శుభమని, నల్లవైతే కీడని చెబుతారు. టూరిస్టులకు ముందు వినిపించేది ఆ కథే. కానీ ఆమెను చూపించాలంటే ఆ ఉత్తరాలు చాలు. ఒక మధ్యయుగపు స్త్రీ గొంతు ఆమె మాటల్లోనే మనదాకా రావడం ఎంత అరుదో ఆలోచించండి.

ఇవాళ మన కంటికి కనిపించే క్రుమ్లోవ్ చాలావరకు విలేమ్ రోజంబెర్క్ కాలంది. ఆయన 1535లో పుట్టి 1592లో పోయాడు. దేశంలో రాజు తర్వాతి పదవి ఆయనది. పోలండ్ సింహాసనానికి కూడా ఒక దశలో ఆయన పేరు వినిపించింది. ఇటలీ కళాకారులను పిలిపించి, గట్టి గోడల పాత కోటను కొలువుకు తగ్గ భవనంగా మార్చాడు. బురుజుకు రంగుల బొమ్మలు వేయించింది ఆ కాలంలోనే, 1590లో. అది సుమారు 54 మీటర్ల ఎత్తు. మెట్లు 162.

కోట గోడల పనితనాన్ని దగ్గర నుంచి చూడాలి. లోపలి ప్రాంగణంలో నిలబడితే గోడంతా ఉలితో చెక్కిన పెద్ద పెద్ద రాళ్లు పేర్చినట్టు ఉంటుంది. ప్రతి రాయికీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ. గూళ్లలో దేవతల విగ్రహాలు. నాలుగడుగులు ముందుకు వేస్తే తెలుస్తుంది, అక్కడ రాయీ లేదు, గూడూ లేదు, విగ్రహమూ లేదు. నున్నటి సున్నపు గోడ మీద కుంచె పని అది. ఊళ్లో ఇళ్ల గోడల మీద ఇంకో పద్ధతి కూడా కనిపిస్తుంది. కింద ముదురు రంగు గచ్చు వేసి, దాని మీద తెల్ల సున్నం పూసి, అది తడిగా ఉండగానే గీకి బొమ్మ తీస్తారు. చెక్కిన రాయికయ్యే ఖర్చులో కొంతతోనే చెక్కిన రాయి హుందాతనం వస్తుంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం మెచ్చుకుంటున్నది ఆ తెలివినే.

ఈ వైభవమంతా అప్పు మీద నడిచింది. విలేమ్ నాలుగు పెళ్లిళ్లు చేసుకున్నా పిల్లలు కలగలేదు. తమ్ముడు పీటర్ వోక్‌కి ఆస్తితో పాటు బాకీలు దక్కాయి. ఆయన 1602లో క్రుమ్లోవ్‌ను చక్రవర్తి రెండో రుడాల్ఫ్‌కు అమ్మేసి, పుస్తకాలూ దస్తావేజులూ బండ్లకెత్తించి త్రెబోన్ అనే ఊరికి మారిపోయాడు. 1611లో ఆయనతో రోజంబెర్క్ వంశం ముగిసింది. క్రుమ్లోవ్ చూసిన మొదటి పెద్ద వీడ్కోలు ఇదే.

చక్రవర్తి ఆ కోటలో ఉంచింది తనకు పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు డాన్ జూలియస్‌ను. అతనికి మతి స్థిమితం లేదు. ఊళ్లోని మంగలి కూతురు మార్కెటాను కోటకు తెచ్చుకున్నాడు. ఒకసారి ఆమెను చితకబాది కిటికీలోంచి కిందికి తోసేస్తే, చెత్తకుప్ప మీద పడి బతికింది. ఇంటికి పారిపోయింది. పిల్లను తిరిగి పంపమని తండ్రిని బెదిరించి మళ్లీ రప్పించుకున్నాడు. 1608 ఫిబ్రవరిలో ఆమెను ముక్కలుగా నరికి చంపాడు. చక్రవర్తి కొడుకును కోటలోనే ఒక గదిలో బంధింపజేశాడు. మరుసటి ఏడు అతనూ చనిపోయాడు. గైడ్లు ఈ సంగతిని ఒళ్లు గగుర్పొడిచేలా చెబుతారు. నాకు మాత్రం ఆ తండ్రి గురించే బాధ. చక్రవర్తి కొడుకు మనుషులు వచ్చి పిల్లనిమ్మంటే, కోట నీడలో బతికే మంగలి ఎవరికి మొర పెట్టుకుంటాడు? కోట ఊరు అంటే అర్థం ఏమిటో చెప్పే సంఘటన ఇది. బొమ్మల గోడల అందం ఎంత నిజమో ఈ నిస్సహాయతా అంతే నిజం.

1622లో చక్రవర్తి రెండో ఫెర్డినాండ్ ఈ ఎస్టేటును తనకు యుద్ధకాలంలో అండగా నిలిచిన ఎగ్గెన్‌బర్గ్ కుటుంబానికి ఇచ్చాడు. వాళ్ల వంశం కూడా ఒక శతాబ్దం నిండకుండానే ఆగిపోయింది. 1719లో ఇది ష్వార్జెన్‌బర్గ్ కుటుంబానికి చేరింది. ఈ రెండు కుటుంబాలూ కలిసి మిగిల్చిన గొప్ప ఆస్తి ఒకటుంది. అది కోటలోని నాటకశాల.

మొదట కట్టింది ఎగ్గెన్‌బర్గ్‌లు, 1680ల్లో. యోసెఫ్ ఆడమ్ ష్వార్జెన్‌బర్గ్ దాన్ని 1766 నాటికి మళ్లీ కట్టించి కొత్త యంత్రాంగం పెట్టించాడు. మన సురభి నాటకాలు చూసినవాళ్లకు ఈ మాయ సులువుగా అర్థమవుతుంది. రంగస్థలం మీద రెండు పక్కలా వరసగా బొమ్మలు వేసిన పక్క తెరలు నిలబడి ఉంటాయి. అడవి దృశ్యమైతే చెట్లు, రాజసభ అయితే స్తంభాలు. ప్రతి తెరా కింద నేలమాళిగలో చెక్క బండి మీద ఆనుకుని ఉంటుంది. బండ్లన్నిటి తాళ్లూ ఒకే పెద్ద ఇరుసుకు చుట్టి ఉంటాయి. కింద పనివాళ్లు కలిసి ఆ ఇరుసును తిప్పితే పైన ఉన్న చెట్లన్నీ ఒక్కసారి పక్కకు జారిపోతాయి, అదే కదలికలో స్తంభాలన్నీ లోపలికి వచ్చేస్తాయి. తెర దించరు, దీపాలు ఆర్పరు. ప్రేక్షకులు చూస్తుండగానే కొన్ని సెకన్లలో అడవి రాజసభ అయిపోతుంది. గాలి హోరుకు, వాన చప్పుడుకు, ఉరుముకు వేరే చెక్క యంత్రాలు ఉన్నాయి.

18వ శతాబ్దంలో యూరప్‌లో ఇలాంటి నాటకశాలలు వందల్లో ఉండేవి. అన్నీ కొవ్వొత్తుల వెలుతురులో నడిచే చెక్క, గుడ్డ, తాళ్ల కట్టడాలు. చాలావరకు కాలిపోయాయి. కాలనివాటిని కొత్త ఫ్యాషన్ వచ్చినప్పుడు పీకేసి ఆధునికం చేశారు. తెరలు, దుస్తులు, యంత్రాలు, దీపాలతో సహా మిగిలినవి వేళ్ల మీద లెక్కించేటన్ని. స్వీడన్‌లో డ్రోట్నింగ్‌హోమ్‌ది ఒకటి, క్రుమ్లోవ్‌ది ఇంకొకటి. ఇక్కడిది మిగలడానికి కారణం, 19వ శతాబ్దం వచ్చేసరికి యజమానులకు దీని మీద మోజు తీరిపోవడమే. వాళ్ల మనసంతా హ్లుబోకా అనే ఊళ్లో తమకున్న ఇంకో కోట మీదికి మళ్లింది. బ్రిటన్‌లోని విండ్సర్ కోట పద్ధతిలో అక్కడ తెల్లటి భవనం కట్టించుకున్నారు. 1840లో మొదలైన ఆ పని ముప్పై ఏళ్లు సాగింది. ఆ డబ్బు, ఆ ఉత్సాహం క్రుమ్లోవ్ మీద పెట్టి ఉంటే ఇక్కడి బొమ్మల గోడలను కొట్టేసి కొత్త శిఖరాలు లేపేవారు, నాటకశాల ఏ గుర్రపుశాలగానో, డాన్సు హాలుగానో మారేది. అలాంటిదేమీ జరగలేదు. నాటకశాలకు తాళం పడింది. బొమ్మల తెరలు దుమ్ములో అలాగే ఉండిపోయాయి. రైలు కూడా 1891లో గానీ రాలేదు, అదీ ఊరికి దూరంగా, ఎగువన ఆగింది.

1911లో ఒక యువ చిత్రకారుడు ఈ నిశ్శబ్దాన్ని వెతుక్కుంటూ వియన్నా నుంచి వచ్చాడు. పేరు ఎగోన్ షీలె, వయసు ఇరవై. వాళ్లమ్మది క్రుమ్లోవే. కోటగుట్ట మీద నుంచి కిందికి చూస్తూ ఇళ్లను ఒకదానికొకటి ఒరిగినట్టు, నల్లటి నది మధ్య బిగుసుకుపోయినట్టు బొమ్మలు వేశాడు. వాటికి పెట్టిన పేరు ‘చచ్చిన ఊరు’. వీధుల్లో మనుషులు ఉండరు. పెళ్లి కాకుండానే వాలీ అనే అమ్మాయితో కలిసి ఉండటం, తోటలో మోడల్‌ను బట్టల్లేకుండా కూర్చోబెట్టి బొమ్మ వేయడం ఊరివాళ్లకు నచ్చలేదు. కొద్ది నెలల్లోనే ఊరు వదలక తప్పలేదు. ఇప్పుడు అదే ఊళ్లో, పాత బీరు కర్మాగారం భవనంలో, 1993 నుంచి అతని పేరు మీద కళాకేంద్రం నడుస్తోంది.

ఇక ఆ రెండు భాషల సంగతి. 1910 లెక్కల ప్రకారం ఊళ్లో నూటికి 85 మంది రోజూ మాట్లాడే భాష జర్మన్, మిగతావాళ్లది చెక్. 1918లో ఆస్ట్రియా సామ్రాజ్యం కూలినప్పుడు ఇక్కడి జర్మన్లు కొత్త చెకోస్లొవేకియాలో కలవబోమన్నారు. చెక్ సైన్యం వచ్చి ఊరిని పట్టుకుంది. 1938లో మ్యూనిక్ ఒప్పందంతో హిట్లర్ దీన్ని తన దేశంలో కలుపుకున్నాడు. 1909లో సినగాగు అనే తమ ప్రార్థనామందిరం కట్టుకున్న యూదుల చిన్న సమాజం ఆ ఏళ్లలో తుడిచిపెట్టుకుపోయింది. కట్టడం మాత్రం మిగిలింది. 1945 మేలో అమెరికన్ సైన్యం వచ్చింది. ఆ తర్వాత ఏడాదిన్నరలో చెకోస్లొవేకియా నుంచి దాదాపు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టారు. క్రుమ్లోవ్‌లో జనాభాలో ఎక్కువ భాగం వాళ్లే కాబట్టి ఊరు ఊరంతా ఖాళీ అయినంత పనయింది. చేతికి అందిన మూటతో తరతరాల ఇల్లు వదిలి వెళ్లినవాళ్లలో నాజీలకు జై కొట్టినవాళ్లూ ఉన్నారు, ఏమీ ఎరగని ముసలివాళ్లూ, పసిపిల్లలూ ఉన్నారు. రెండింటినీ కలిపే గుర్తుంచుకోవాలి.

కోట విషయంలో ఒక పొరపాటు తరచుగా వినిపిస్తుంది. ష్వార్జెన్‌బర్గ్‌ల ఆస్తి కమ్యూనిస్టులు లాక్కున్నారని అంటుంటారు. తేదీలు చూస్తే లెక్క వేరు. అప్పటి యజమాని అడాల్ఫ్ ష్వార్జెన్‌బర్గ్ నాజీలను ఎదిరించినవాడు. 1940లోనే నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆయన ఆస్తులు స్వాధీనం చేసుకుంది. యుద్ధం అయ్యాక నాజీ పక్షపాతి అని ముద్ర వేసి లాక్కోవడం కుదరదు. అందుకని 1947 జులైలో పార్లమెంటు ఆ ఒక్క కుటుంబం కోసమే ప్రత్యేక చట్టం చేసి, పరిహారం లేకుండా ఆస్తిని ప్రభుత్వపరం చేసింది. కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నది 1948 ఫిబ్రవరిలో. తర్వాతి రోజుల్లో వారసులు కోర్టుకెక్కినా కోట ప్రభుత్వానిదిగానే ఉంది.

ఖాళీ ఇళ్లలోకి చెక్‌లు, స్లోవాకులు, రోమా (జిప్సీ) కుటుంబాలు వచ్చాయి. ఆ గోడలతో వాళ్లకు ఏ జ్ఞాపకమూ లేదు, రిపేరు చేయించే డబ్బూ లేదు. పైకప్పులు కారాయి, గచ్చు రాలింది. 1963లో పాత ఊరిని రక్షిత ప్రాంతంగా ప్రకటించినా పనులు నత్తనడకన సాగాయి. అలాగని కూల్చి సిమెంటు దిమ్మెలు కట్టే పెట్టుబడి కూడా ఎవరూ పెట్టలేదు. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ ఊరి బయట గుట్టల మీద లేచాయి. 1989లో ప్రభుత్వం మారాక చూస్తే, మధ్యలో శిథిలమవుతున్న ఊరు మిగిలింది, కానీ దాదాపు మొత్తం మిగిలింది. మూడేళ్లకే, 1992లో, యునెస్కో జాబితాలో చేరింది. నాటకశాలను ఏళ్ల తరబడి బాగుచేసి 1997లో తెరిచారు. 2002 ఆగస్టు వరదల్లో వల్తావా ఊళ్లోకి వచ్చినా మళ్లీ కడిగి నిలబెట్టుకున్నారు.

ఇప్పటి వలసకు కారణం పేరు ప్రఖ్యాతులు. పాత ఊరిలో ఇల్లున్నవాళ్లకు అందులో ఉండటం కన్నా గదులుగా చేసి అద్దెకివ్వడం లాభం. కిరాణా కొట్టు పోయి మాగ్నెట్లు అమ్మే షాపు వస్తుంది. పాలు కావాలన్నా ఊరి బయటికే వెళ్లాలంటే ఎవరుంటారు? ఊరివాళ్లలో ఎక్కువమంది ప్లెషివెట్స్ లాంటి కాలనీల్లో ఉంటున్నారు. మున్సిపాలిటీ ఊరికే చూస్తూ కూర్చోలేదు, 2019లో టూరిస్టు బస్సులకు ముందస్తు బుకింగు, రుసుము పెట్టింది.

అంతకు ముందు ఏడాది కటెర్జినా షెదా అనే చెక్ కళాకారిణి ఇక్కడ ఒక పని చేసింది. కొన్ని కుటుంబాలను తీసుకొచ్చి మూడు నెలలు పాత ఊరిలో కాపురం పెట్టించింది. ఇల్లిచ్చింది, జీతమిచ్చింది. వాళ్ల ఉద్యోగం మామూలుగా బతకడం. ఉతికిన బట్టలు ఆరేయడం, కిటికీలు తుడవడం, పిల్లలను వీధిలో ఆడించడం, పక్కింటివాళ్లతో కబుర్లు చెప్పడం. వెనిస్‌లో జరిగే పెద్ద వాస్తుశిల్ప ప్రదర్శనలో ఆ ఏడాది చెక్, స్లోవాక్ దేశాల తరఫున చూపించింది దీన్నే. క్రుమ్లోవ్ వీధిలో తాడు మీద ఆరుతున్న చొక్కాల ముందు టూరిస్టులు ఆగి ఫొటోలు తీసుకున్నారు.